రెస్ట్ మాఫీ

కాత్యాయనికి కాలు ఒకచోట నిలవదని కాకినాడలో వాళ్ళమ్మ ఎప్పుడూ విసుక్కునేది. దుబాయ్ వచ్చాక అది మరీ ఎక్కువైంది. ఇంటర్నేషనల్ సిటీలో ఒక కుటుంబం అద్దెకిచ్చిన గదిలో కూర్చుంటే బాల్కనీలోకి వెళ్ళాలనిపిస్తుంది, బాల్కనీలోకి వెళితే కిందికి దిగాలనిపిస్తుంది, దిగాక ఎటు వెళ్ళాలో తెలియదు. ఆఫీసులోనూ అంతే. మీటింగుల్లో అందరూ బొమ్మల్లా కూర్చుంటే ఆమె కుర్చీ ఒక్కటే కిర్రు కిర్రుమంటూ ఉంటుంది.

ఆఫీసు డేరా అనే పేటలో ఉంది. కిటికీలోంచి చూస్తే క్రీక్‌లో అబ్రా పడవలు అటూ ఇటూ తిరుగుతూ కనిపిస్తాయి. తలుపు మీద "రాతి క్వారీలు, క్రషర్ల యజమానుల మండలి" అని ఇత్తడి పలక. లోపల రాయీ లేదు, దుమ్మూ లేదు. మెత్తటి సోఫాలు, ఖర్జూరాల పళ్ళెం, అరబ్బీ కాఫీ పోసే చిన్న చిన్న కప్పులు. ఫుజైరా కొండల్ని పగలగొట్టి కంకర చేసే కంపెనీలన్నీ చందాలు వేసుకుని పెట్టుకున్న మండలి అది. కాత్యాయని అక్కడ పాలసీ కోఆర్డినేటర్. ఆ పేరు విని కాకినాడలో చుట్టాలు ఆమె ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముతోందనుకున్నారు.

అమ్మినా బాగుండేది. అసలు పనేమిటంటే, ఏ కొత్త నిబంధన రాబోతున్నా ముందే వాసన పట్టి, అందులో యజమానులకు గిట్టని మాట ఎక్కడుందో వెతికి, దాని బదులు ఇంకో మాట మర్యాదగా సూచించడం. "తప్పనిసరిగా" అని ఉంటే "వీలైనంతవరకు" అని. "వెంటనే" అని ఉంటే "తగిన సమయంలో" అని. ఇంత చదువూ చదివి మాటలు మార్చే ఉద్యోగంలో పడ్డానేమిట్రా దేవుడా అని వచ్చిన కొత్తలో నవ్వుకునేది.

ఈ విద్యలో ఆమెకు గురువు మురళీ. మండలి కార్యదర్శి, విజయవాడ మనిషి. కుర్రతనంలో వచ్చి గల్ఫ్‌లోనే జుట్టు నెరిసింది. ఎదుటివాడు ఏ భాషలో అడిగితే ఆ భాషలో నవ్వగలడు. "చూడమ్మా, చట్టం అచ్చయి బయటికొచ్చాక ఏడిస్తే లాభం లేదు. పిండి ముద్దగా ఉన్నప్పుడే మన వేలు పడాలి" అనేవాడు. ఇంకోటి కూడా చెప్పేవాడు. "అధికారుల దగ్గరికి ఎప్పుడూ రెండు కోరికలు పట్టుకెళ్ళు. ఒకటి కాదనిపించుకోవడానికి. పెద్దది కాదన్నాక చిన్నది కాదనడానికి వాళ్ళకే మొహమాటం." ఈ మాటలు ఆమె బుద్ధిగా వినేది. వినేటప్పుడు కాలు ఊపుతూనే ఉండేది.

అందరూ మాస్కులు తీసేసిన మరుసటి ఏడాది, చలికాలంలో ఒక ముసాయిదా వచ్చింది. వేసవి నెలల్లో మధ్యాహ్నం పూట ఎండలో పని చేయించకూడదన్న నిబంధన అంతకుముందే ఉంది. ఈ ముసాయిదా క్రషర్ల కోసం ఇంకో మాట చేర్చింది. వేడి ఫలానా హద్దు దాటితే, ఏ నెలైనా సరే, ఏ వేళైనా సరే, గంటకోసారి మనుషుల్ని కాసేపు నీడలో కూర్చోబెట్టాలి. అందుకోసం యంత్రం ఆపవలసి వచ్చినా ఆపాలి. ఆ చివరి మాట చదివాక యజమానులకు ఒళ్ళు మండిపోయింది.

ముసాయిదా రాసిన శాఖ పద్ధతి ప్రకారం అందరి అభిప్రాయాలూ అడిగింది. అందరూ అంటే, సంఘాలున్న అందరూ అన్నమాట. క్వారీల వాళ్ళకు మండలి ఉంది. సిమెంటు వాళ్ళకుంది, కాంట్రాక్టర్లకుంది, బీమా కంపెనీలకు కూడా ఉంది. కంకర దుమ్ములో నిలబడేవాళ్ళకు లేదు, పెట్టుకునే వీలూ లేదు. అయినా కార్మికుల మాట కూడా వినాలని శాఖవారు పట్టుబట్టారు. మంచిదే. ఆ మాట మోసుకొచ్చే పని మాత్రం మండలికే అప్పజెప్పారు. పెళ్ళి మాటల్లో ఆడపిల్లవారి తరఫున కూడా మగపెళ్ళివారే మాట్లాడితే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

పని కాత్యాయని మీద పడింది. "వాళ్ళంతా మన తెలుగువాళ్ళేనమ్మా. వెళ్ళి నాలుగు మాటలు వీడియో తీసుకురా" అన్నాడు మురళీ. ఆమె సంచి సర్దుకుంటుంటే ఇంకో మాట చెవిన వేశాడు. "నిజానికి రెస్ట్ వాళ్ళకే వద్దు. కూర్చుంటే ఓవర్‌టైమ్ పోతుందని భయం. వెళ్తున్నావుగా, నువ్వే వింటావు."

ఆ మాట ఫుజైరా చేరేదాకా ఆమె బుర్రలో తిరుగుతూనే ఉంది.

క్రషర్ కొండల మధ్య ఉంది. దాని పక్కనే లేబర్ క్యాంపు. సెలవురోజు కాబట్టి యంత్రం నోరు మూసుకుని ఉంది. మెస్‌లో బల్లలు ఎన్నిసార్లు తుడిచినా తెల్లగా దుమ్ము. కంపెనీవాళ్ళు కార్మికుల ప్రతినిధి అని ఒకాయన్ను ముందే కూర్చోబెట్టారు. పేరు భూమేశ్, జగిత్యాల పక్క ఊరు, క్రషర్ ఆపరేటర్. నవ్వుమొహం మనిషి, ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. కంపెనీ ఆయన్నే ప్రతినిధిగా ఎంచుకోవడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. ఆయన వెనక గోడకు ఆనుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆశన్న. బండలు మింగే హాపర్ నోటి దగ్గర పని. ఎండ దెబ్బకు కిడ్నీలు చెడి ఆస్పత్రిలో పడి లేచి, ఈమధ్యే మళ్ళీ అదే నోటి దగ్గరికి వచ్చాడు. గంటకోసారి నీడలో కూర్చోకపోతే ఇంకోసారి లేవడం కష్టమని డాక్టరు చెప్పాడట. డాక్టరు చెప్పింది ముదీర్‌కు, అంటే మేనేజరుకు, చెబితే ఆయన ఆకాశం వైపు చూశాడట.

కాత్యాయని ఫోన్ కెమెరా ఆన్ చేసింది. "గంటకోసారి విరామం గురించి మీరేమంటారు, భూమేశ్ గారూ?"

భూమేశ్ తెల్లమొహం వేశాడు.

"అదేనండీ, రెస్ట్."

"ఆఁ, రెస్టా. రెస్ట్ మాఫీ మేడం." ఆయన కెమెరాలోకి సూటిగా చూస్తూ అన్నాడు. "ఎండకాలంల మధ్యాన్నం ఇస్తున్నరు, గా సంగతి వేరు. తక్కిన దినాలు రెస్ట్ మాఫీ. ఎవ్వలకైన గంతే. ఆశన్న కాకకు సుత మాఫీ."

ఆమెకు కొంచెం వింతగా అనిపించింది. జబ్బు మనిషికి కూడానా? "అంటే, అందరికీ మాఫీయేనా?" అని మళ్ళీ అడిగింది.

"అందరికి మేడం. గదే రాయుండ్రి. పెద్దసార్లకు సమజయ్యేటట్టు మంచిగ రాయుండ్రి."

గోడ దగ్గరనుంచి ఆశన్న చెయ్యెత్తాడు. "రాయి బిడ్డా. సల్లంగుంటవ్."

తిరిగివస్తూ కాత్యాయని దారి పొడుగునా ఆలోచించింది. మాఫీ అంటే ఆమెకు తెలుసు. రుణమాఫీ, పన్ను మాఫీ, శిక్ష మాఫీ. పేపర్లు చదివే ఏ తెలుగుమనిషికి తెలియదు? రెస్ట్ మాఫీ అంటే రెస్ట్ మాకొద్దు, వదిలేస్తున్నాం అని. పాపం, ఓవర్‌టైమ్ కోసం ఎంతకు తెగించారు అని జాలిపడింది. మురళీ చెప్పింది నిజమేనని కూడా అనుకుంది. మర్నాడు వీడియో కింద ఇంగ్లీషులో తనే రాసింది: విశ్రాంతిని మేము వదులుకుంటాం, మా అందరి మాటా ఇదే.

మురళీ వీడియో చూశాడు. మొదటిసారి చూసినప్పుడు కనుబొమ ఒకటి పైకి లేచింది. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. తర్వాత ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకుని, "బంగారం లాంటి మాట పట్టుకొచ్చావమ్మా" అన్నాడు. "ఒక్క పని చెయ్యి. అతని గొంతు బాగా తగ్గించి ఊద్ వాయిద్యం ఏదైనా పెట్టు. శాఖవాళ్ళకెలాగూ తెలుగు అర్థం కాదు. కింద నువ్వు రాసింది చదువుకుంటారు."

ఆమె అలాగే చేసింది. ఊద్ వెనక భూమేశ్ పెదవులు కదులుతుంటే చూడటానికి బాగానే ఉంది. పాత వీడియోను కూడా లాప్‌టాప్‌లో ఉంచింది. దేన్నీ పారేయలేని అలవాటు.

ఆ వారం ఒక సాయంత్రం ఇంటి కింద కొట్లో కూరగాయలు కొనుక్కుంటోంది. కొట్టు హయాత్ బాషాది. రాయచోటి మనిషి, బేరం దగ్గర కూడా నిదానంగా మాట్లాడతాడు. వంకాయలు, టమాటాలు తూచాక ఆమె కరివేపాకు అడిగింది.

"కరేపాకు మాఫీ మ్మా."

కాత్యాయనికి ప్రాణం లేచొచ్చింది. కాకినాడలో కూరగాయలు కొన్నాక కరివేపాకు రెబ్బలు ఊరికే సంచిలో పడేస్తారు. ఈ దేశంలో ప్రతి ఆకుకూ ధర చీటీ అంటించి ఉండటం చూసి ఆమె మనసు ఎప్పుడూ చివుక్కుమనేది. మన మనిషి మన మనిషే అనుకుంటూ సంచి నోరు తెరిచి పట్టుకుని నిలబడింది. హయాత్ బాషా ఆమె వైపు చూశాడు, సంచి వైపు చూశాడు.

"ఇంకేమన్నా కావల్నా మ్మా?"

"కరివేపాకు ఇస్తానన్నారుగా."

"నేనెప్పుడంటి? మాఫీ అంటి గదమ్మా. లోడు రాలే."

"మాఫీ అంటే ఊరికే ఇస్తారనుకున్నానండీ."

హయాత్ బాషా నవ్వాడు. "ఊరికే యాడమ్మా. ఈడ మాఫీ అంటే లేదని. అరబ్బీ మాట. ఈడోళ్ళు అనేది విని విని మాకూ నోటికొచ్చేసింది. కొత్తగా వచ్చినారా?"

సంచి ఆమె చేతిలో అలాగే తెరుచుకుని ఉంది. నాలుగు నెలలుగా టాక్సీ డ్రైవర్లు "మాఫీ ముష్కిల్" అంటుంటే వాళ్ళు తనకు క్షమాపణ చెబుతున్నారనుకుని "పర్వాలేదండీ" అంటూ వచ్చింది. వాళ్ళన్నది కష్టమేమీ లేదని. అది గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ వెనకే ఆశన్న ఎత్తిన చెయ్యి గుర్తొచ్చింది. రెస్ట్ లేదు మేడం. ఎవ్వరికీ లేదు. ఆశన్న కాకకు కూడా లేదు. పెద్దసార్లకు అర్థమయ్యేలా రాయండి. ఆమె రాసింది, ఎంత చక్కగానో రాసింది.

వంకాయలు కొట్లోనే వదిలేసి మెట్లెక్కింది. మళ్ళీ దిగింది. భూమేశ్‌కు ఫోన్ చేయవచ్చు. చేసి ఏమని అడగాలి? మర్నాడు ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి, షేరింగ్ కారు పట్టుకుని ఫుజైరా వెళ్ళింది. కార్లో పక్కన కూర్చున్నావిడ ఆమె మోకాలి ఊపు భరించలేక కిటికీ వైపు జరిగిపోయింది.

ఇంకా ఎండాకాలం రాలేదు కానీ కొండల మధ్య ఎండకు ఆ సంగతి తెలిసినట్టు లేదు. క్రషర్ రోద దూరంనుంచే చెవుల్లో పడుతోంది. కంచె ఇవతలనుంచి చూస్తే హాపర్ నోటి దగ్గర ఆశన్న కనిపించాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, ఇరుక్కున్న బండను గునపంతో నెడుతున్నాడు. ఆగాడు, గునపం పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. వెంటనే టిప్పరు ఇంకో లోడు కుమ్మరించింది. ఆయన మళ్ళీ వంగాడు. కాత్యాయని అక్కడ నిలబడినంతసేపూ ఆయన కూర్చోలేదు.

అన్నం వేళకు భూమేశ్ కంచె దగ్గరికి వచ్చాడు. ఆమె చెప్పిందంతా విని మొదట పగలబడి నవ్వాడు. "ఊర్ల రుణమాఫీ అంటె మేం సుత గట్లనే అంటం మేడం. గని ఈడికొచ్చినంక మాఫీ అంటె లేదనుడే."

"మరి నాతో తెలుగులో లేదని చెప్పొచ్చు కదండీ."

"మీరు దుబాయ్ ఆఫీసు మేడం గద. మా మాట మీకు సమజైతదో కాదో అని దుబాయ్ మాట జెప్పిన." ఆయన నవ్వు అక్కడ ఆగిపోయింది. "అయితె ఇప్పుడు ఆ కాయితంల ఏమున్నది మేడం? మేం ఇడిశిపెట్టినమనా?"

ఆమె తలూపింది.

"మా కాడ ఉంటె గద మేడం ఇడిశిపెట్టుడు." భూమేశ్ కంచె తీగ పట్టుకున్నాడు. "మన ముచ్చట పెద్దసార్ల దాక వోయిందని క్యాంపుల అందరికి జెప్పిన. కాకకు సుత జెప్పిన. ఇంక నాలుగు దినాలు ఓర్సుకో కాక, నీడల కూసుంటవ్ అన్న. రేపు ఇది తెలిస్తె భూమేశ్‌గాడు కంపెనీకి అమ్ముడువోయిండంటరు. గా కాక మొకం నేనెట్ల జూడాలె?"

కాత్యాయనికి ఏడుపొచ్చింది. సరిచేస్తానని మాటిచ్చింది. ఎలా సరిచేస్తుందో ఆమెకు ఏమీ తెలియదు.

మర్నాడు ఆఫీసులో కూర్చోకుండానే మొదలుపెట్టింది. "సార్, నేను తప్పు రాశాను. మాఫీ అంటే అతను వదులుకుంటామని అనలేదు. లేదని అన్నాడు."

మురళీ టీలో చక్కెర కలుపుతున్నాడు. చెంచా ఆగలేదు. ఆశ్చర్యపోలేదు, మళ్ళీ చెప్పమనలేదు. అప్పుడు ఆమెకు పైకి లేచిన ఆ కనుబొమ గుర్తొచ్చింది. ఊద్ వాయిద్యం గుర్తొచ్చింది. జుట్టు నెరిసేదాకా ఈ దేశంలో ఉన్నవాడికి మాఫీ అంటే తెలియకపోవడమేమిటి?

"మీకు మొదటే తెలుసు" అంది.

"కూర్చోమ్మా."

"కూర్చోను సార్."

"సరే, నిలబడే విను. తప్పు నువ్వు చేశావు, నేను చేయలేదు. దిద్దలేదు, అంతే. ఈ నిబంధన ఇలాగే వస్తే చిన్న క్రషర్లు మూతపడతాయి. అప్పుడు నీ భూమేశ్ ఇంటికి పోతాడు. అక్కడ రెస్టే రెస్ట్." గొంతు ఏమాత్రం పెరగలేదు. "పోనీ, నీ మనసు బాధపడుతోంది కాబట్టి వీడియో తీసేద్దాం. ఏమవుతుంది? కార్మికుల మాట అన్నచోట ఖాళీ. మిగతా పేజీలన్నీ మన మాటే. అది కావాలా?"

వీడియో ఉంటే భూమేశ్ అనని మాట అన్నట్టవుతుంది. తీసేస్తే అసలు నోరే లేనట్టవుతుంది. దొంగచేతికి తాళాలిచ్చి ఇప్పుడు వాటిని ఎక్కడ పెట్టాలని అడుగుతున్నట్టుంది తన పరిస్థితి.

"నేనే లేచి చెబుతాను."

"చెప్పు. తెలంగాణ యాస అర్థంకాని కొత్తమ్మాయి కంగారుపడుతోందని నేనంటాను. నీ వీసా ఎవరిదో నేను గుర్తుచేయక్కర్లేదుగా." మురళీ టీ తాగాడు. "వెళ్ళి స్లయిడ్లు సర్దుకో తల్లీ."

తల్లీ అన్న మాటకు ఆమెకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. మీటింగ్ దాకా ఉన్న రోజుల్లో ఆమె సరిగా తిన్నది లేదు, ఒకచోట కూర్చున్నది లేదు. పనేమీ లేకుండా అబ్రా ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్ళి, దిగి, అదే పడవలో తిరిగొచ్చేది. ఉద్యోగం పోతే ఇంటికి ఏమని చెప్పాలి? చెప్పకపోతే ఆశన్న ఎన్నాళ్ళు ఉంటాడు? ఈ రెండు ప్రశ్నలూ పడవలో ఆమెతోపాటే ఎక్కి ఆమెతోపాటే దిగేవి.

శాఖ కార్యాలయంలో మీటింగ్ పొద్దున్నే మొదలైంది. పొడుగాటి బల్ల చుట్టూ సిమెంటు, కాంట్రాక్టర్లు, బీమా, అందరి ముందూ పేర్ల పలకలు. బల్ల చివర అధ్యక్షస్థానంలో నల్లటి అబాయాలో ఒక అధికారిణి. ఈ దేశపు మనిషే, కళ్ళజోడు కిందనుంచి చూస్తూ తక్కువగా మాట్లాడుతోంది. కాత్యాయనికి పలక లేదు. గోడ పక్కన లాప్‌టాప్ ముందు ఒక కుర్చీ ఇచ్చారు, అంతే.

మురళీ చాలా బాగా మాట్లాడాడు. మధ్యమధ్య అరబ్బీ కలిపాడు, ఒకసారి అందర్నీ నవ్వించాడు. గంటకోసారి విరామమన్న నిబంధన తీసేసి, కంపెనీ, కార్మికుడు మాట్లాడుకుని నిర్ణయించుకునేలా ఉంచాలన్నాడు. "మా మాట సరే. ఇప్పుడు కార్మికుల గొంతు వినండి" అని కాత్యాయని వైపు తలతిప్పాడు.

గొంతు అన్నాడు. లాప్‌టాప్ తెర మీద రెండు వీడియోలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లో ఊద్ ఉంది, ఒకదాంట్లో గొంతు ఉంది. ఆమె మోకాలు బల్ల కింద అదురుతోంది. వేలు ఎటు వెళ్ళిందో మాత్రం ఆమెకు బాగా తెలుసు. పాతదాని మీద నొక్కింది.

హాలంతా భూమేశ్ గొంతు నిండింది. "రెస్ట్ మాఫీ మేడం."

అధికారిణి కాగితాల్లోంచి తలెత్తింది.

"తక్కిన దినాలు రెస్ట్ మాఫీ. ఎవ్వలకైన గంతే. ఆశన్న కాకకు సుత మాఫీ." కింద ఇంగ్లీషులో మాత్రం విశ్రాంతిని వదులుకుంటామని అక్షరాలు నడుస్తున్నాయి. బీమా వాళ్ళ తరఫున వచ్చిన అరబ్బు పెద్దమనిషి దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ హాల్లో తెలుగు రానివాళ్ళందరికీ ఆ వాక్యాల్లో అర్థమైనవి రెండే మాటలు, రెస్ట్, మాఫీ. ఆ రెండూ చాలు.

"మళ్ళీ వేయండి" అంది అధికారిణి ఇంగ్లీషులో.

కాత్యాయని మళ్ళీ వేసింది. మురళీ వెంటనే అందుకున్నాడు. అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఓపిగ్గా వివరించాడు. తమ దేశంలో మాఫీ అంటే క్షమించడం, వదులుకోవడం అని. రైతుల అప్పులు మాఫీ చేస్తారని. కావాలంటే ఏ నిఘంటువులోనైనా చూడవచ్చని. చిత్రమేమిటంటే అందులో ఒక్క అబద్ధం లేదు.

అధికారిణి విని, గోడ పక్కనున్న కుర్చీ వైపు తిరిగింది. "మీరే కదా అతనితో మాట్లాడింది. ఈయన చెప్పేది వేరే మాఫీ. నాకు తెలిసింది వేరే మాఫీ. ఆ మనిషి ఏ మాఫీ అన్నాడు?"

కాత్యాయని లేచి నిలబడింది. ఆశ్చర్యం, మోకాలు అదరడం లేదు.

"మీదే మేడం" అంది. "అతనన్నది మీ భాషలో. కింద రాసింది నేను. తప్పు రాశాను. విశ్రాంతి లేదు అన్నాడు. జబ్బు మనిషికి కూడా లేదు అన్నాడు. అది మీకు చెప్పమన్నాడు."

అధికారిణి కలం తీసి తన కాగితం మీద ఏదో రాసుకుంది. "విరామం నిబంధన ఉంటుంది. దాని మీద ఇక చర్చ అక్కర్లేదు" అంది. కాత్యాయనికి గట్టిగా అరవాలనిపించింది. భూమేశ్‌కు అక్కడినుంచే ఫోన్ చేయాలనిపించింది. ఆ సంతోషంలో మురళీ రెండో కాగితం తీయడం చూసింది కానీ పట్టించుకోలేదు. ఆయన మొహంలో ఓడిపోయిన గుర్తే లేదు. శాఖ నిర్ణయానికి మండలి కట్టుబడి ఉంటుందన్నాడు. చిన్న స్పష్టత ఒక్కటే కోరుతున్నామన్నాడు. నీడలో కూర్చున్న సమయాన్ని పనిగంటల్లో కలపాలా వద్దా అన్నది కంపెనీలకు వదిలేస్తే బాగుంటుందన్నాడు. సిమెంటు వాళ్ళు తలూపారు. కాంట్రాక్టర్లు తలూపారు. బీమా ఆయన గడియారం చూసుకున్నాడు. అప్పటికే ఒకటి కాదని ఉన్న అధికారిణి, పరిశీలిస్తామంది.

బయట మెట్ల మీద మురళీ ఆమె కోసం ఆగాడు. కోపంగా లేడు. అదే ఆమెకు మరీ కోపం తెప్పించింది. "ఖలాస్, కాత్యాయనీ" అన్నాడు. "మంచి పిల్లవే. ఈ పనికి కాదు, అంతే."

ఆమె ఉద్యోగం అక్కడితో సరి. కానీ దేశం వదిలిపోలేదు. డేరాలోనే ఒక టైపింగ్ సెంటర్‌లో, వీసా దరఖాస్తులు నింపేచోట పని దొరికింది. కుర్చీ అక్కడా కిర్రుమంటుంది. జీతం తక్కువని అమ్మకు చెప్పలేదు. భూమేశ్‌కు మాత్రం మీటింగ్ అయిన రోజే చెప్పింది. ఆయన "సల్లంగుండుండ్రి మేడం" అన్నాడు. క్యాంపులో ఆ వేళ సేమియా పాయసం వండుకున్నారట. ఆశన్న మొదటి గిన్నె తను తినకుండా భూమేశ్‌కే పెట్టాడట.

వేసవి ముదరకముందే నిబంధన అమల్లోకి వచ్చింది. పేపర్లో చిన్న వార్త పడింది. ఆ వారమే ఒక పొద్దున, టైపింగ్ సెంటర్‌లో జనం బారులుతీరి ఉన్నవేళ ఫోన్ మోగింది. భూమేశ్. ఆమె చేతిలో పని ఆపి ఎత్తింది. ఆయన గొంతు వెనక ఎప్పుడూ ఉండే రోద లేదు. క్రషర్ ఆగి ఉంది. పనివేళలో ఆ యంత్రం ఆగడం ఆమె వినడం అదే మొదలు.

"మేడం, రెస్ట్ ఫీ" అన్నాడు భూమేశ్.

ఈసారి ఆమెకు ఆ మాట తెలుసు. మాఫీ అంటే లేదు, ఫీ అంటే ఉంది. నవ్వొచ్చింది, కళ్ళు చెమ్మగిల్లాయి. సంతోషం చెప్పబోయి ఆగింది. కరివేపాకు కోసం సంచి తెరిచి నిలబడింది గుర్తొచ్చింది. మెట్ల మీద మురళీ మొహమూ, బల్ల మీదికి వచ్చిన ఆ రెండో కాగితమూ గుర్తొచ్చాయి.

"భూమేశ్ గారూ, ఇప్పుడు సరిగ్గా అడుగుతాను. ఏమీ అనుకోకండి. ఫీ అంటే అరబ్బీలో ఉందనా, లేకపోతే ఇంగ్లీషులో ఫీజనా?"

అవతల ఎవరో దగ్గారు. నీళ్ళ సీసా మూత తీసిన చప్పుడు వినిపించింది.

"రెండు మేడం" అన్నాడు భూమేశ్. "కాక నీడల కూసున్నడు, నా పక్కపొంటే ఉన్నడు. కూసున్నంతసేపు జీతంల కోస్తున్నరు. గందుకే సగం మంది కూసుంటలేరు. కాక సుత లేస్త అంటున్నడు, నేనే వట్టుకొని కూసోవెట్టిన." కొంచెం ఆగి అన్నాడు. "ఇది సుత రాయుండ్రి మేడం."

ఎవరికి రాయాలో కాత్యాయనికి తెలియలేదు. ఎదురుగా బారులో నిలబడినవాళ్ళు చూస్తుండగానే కుర్చీలోంచి లేచింది.